కంపెనీ మెయిల్ పార్టీకి చేరలేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

ఆఫీసు మెయిల్ సర్వర్ చూసుకునే పని మీ మీద ఉంటే "మెయిల్ వెళ్లలేదు సార్" అనే ఫోన్ మీకు కొత్త కాదు. ఆ ఫోన్ పెట్టేయగానే చెయ్యి సర్వర్ రీస్టార్ట్ మీదికి పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌దో చెప్పే పట్టిక) రికార్డులు మార్చడం, క్యూ (పంపడానికి ఆగి ఉన్న మెయిల్స్ వరస) తుడిచేయడం, ఫైర్‌వాల్ ఆపేయడం కూడా ఇప్పుడే వద్దు. ముందు ఆ మెయిల్ ఎవరి చేతిలో ఆగిందో తెలియాలి. అది తెలియకుండా ఏది ముట్టుకున్నా, ఉన్న ఒక్క సమస్య పక్కన ఇంకోటి చేరుతుంది.

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కు మెయిల్ అప్పగించినప్పుడు, తీసుకున్న సర్వర్ 250 అని జవాబిస్తుంది. రిజిస్టర్డ్ పోస్టు తీసుకుని సంతకం పెట్టినట్టన్నమాట. 250 అన్నాక ఆ మెయిల్‌ను చేర్చాల్సింది ఆ సర్వరే. చేర్చలేకపోతే పంపినవాళ్లకు ఆ సంగతి చెప్పాల్సిందీ అదే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే తీరు) నిబంధనల నుంచీ ఈ పద్ధతే నడుస్తోంది. అందుకని మీరు వెతకాల్సింది ఒకటే: చివరిగా 250 అన్నది ఎవరు? అక్కడి నుంచి మెయిల్ ఎందుకు కదల్లేదు?

నేను ఇక్కడ పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. నేను ఎక్కువగా పని చేసింది దాని మీదే. మీది జింబ్రా అయినా లోపల మెయిల్ మోసేది పోస్ట్‌ఫిక్సే. ఎక్స్ఛేంజ్, మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లు ఎక్కడ చూడాలో మధ్యలో చెబుతాను. వెతికే వరస అందరికీ ఒకటే.

ఫోన్ పెట్టేసే ముందు అడగాల్సినవి

"వెళ్లలేదు" అనే మాటకు మనిషికో అర్థం. ఒకరికి అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోయింది, ఇంకొకరికి బౌన్స్ (మెయిల్ చేరలేదని తిరిగొచ్చే జవాబు) వచ్చింది, మరొకరికి పార్టీ ఫోన్ చేసి "మాకు రాలేదండీ" అంది. అందుకే నాలుగు సంగతులు రాసుకోండి: ఏ అడ్రస్ నుంచి, ఏ అడ్రస్‌కు, ఎన్ని గంటలకు, బౌన్స్ ఏమైనా వచ్చిందా. అడ్రస్‌ను ఫోన్‌లో చదివించుకోకండి, సెంట్ ఐటమ్స్‌లోంచి కాపీ చేసి పంపమనండి. డాట్ కో డాట్ ఇన్ ఉండాల్సిన చోట ఉత్త డాట్ ఇన్ కొట్టి ఉంటారు. ఫోన్‌లో మాత్రం సరిగ్గానే చదువుతారు, ఎందుకంటే సరైన అడ్రస్ వాళ్లకు నోటికి వచ్చు.

ఇంకో రెండు ప్రశ్నలు. అదే పార్టీకి మీ ఆఫీసులో వేరేవాళ్లు పంపితే పోతోందా? ఇదే మనిషి తన సొంత జీమెయిల్‌కు పంపుకుంటే పోతోందా? వేరేవాళ్లది పోతుంటే తప్పు ఈ మనిషి కంప్యూటర్‌లోనో, ఆ ఒక్క మెయిల్‌లోనో ఉంది. ఎవరు పంపినా ఆ ఒక్క పార్టీకే పోకపోతే, గొడవ మీ సర్వర్‌కూ వాళ్ల సర్వర్‌కూ మధ్య. ఎవరు ఎవరికి పంపినా పోకపోతే మీ సర్వర్ లేదా మీ లైను. ఈ రెండు జవాబులతో వెతకాల్సిన చోటు చాలా తగ్గిపోతుంది.

అవుట్‌బాక్స్‌లోనే ఆగిందంటే సర్వర్ దాకా వెళ్లక్కర్లేదు. అవుట్‌లుక్‌లో "వర్క్ ఆఫ్‌లైన్" బటన్ పొరపాటున నొక్కుకుపోయిందేమో చూడమనండి. కింద స్టేటస్ బార్‌లో ఆ మాట కనిపిస్తూనే ఉంటుంది, కానీ అటు ఎవరి చూపూ పోదు. ఎక్స్ఛేంజ్ సర్వర్ మార్చిన ఆఫీసుల్లో మరో చిక్కు ఉంటుంది. పేరు రెండక్షరాలు కొట్టగానే అవుట్‌లుక్ చూపించే పాత ఎంట్రీ వెనక ఉన్న లోపలి అడ్రస్ ఇప్పుడు చెల్లదు. బౌన్స్‌లో ఐఎంసీఈఏఈఎక్స్ అని మొదలయ్యే పొడవాటి వరస ఉంటే అదే కారణం. ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేసి, అడ్రస్ మొత్తం కొత్తగా కొట్టిస్తే సరిపోతుంది.

బౌన్స్‌ను చివరిదాకా చదవండి

బౌన్స్ వచ్చిందంటే సంతోషించండి, కారణం అందులోనే రాసి ఉంటుంది. స్క్రీన్‌షాట్ వద్దు, ఆ మెయిల్‌నే మీకు ఫార్వర్డ్ చేయమనండి. పైన ఉండే మర్యాద వాక్యాలు దాటి కిందికి వెళ్తే ఒక మూడంకెల సంఖ్య, దాని పక్కన చుక్కలతో మరో సంఖ్య కనిపిస్తాయి. 4తో మొదలైతే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. అది ఆలస్యమవుతోందనే హెచ్చరికే అయితే మీ సర్వర్ తనంతట తనే మళ్లీ వెళ్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. 5తో మొదలైతే "కుదరదు" అని. కారణం తీసేయకుండా అదే మెయిల్ పదిసార్లు పంపినా పదిసార్లూ అదే జవాబు.

తరచూ తగిలేవి ఇవి:

550 5.1.1 అంటే ఆ పేరుతో మెయిల్‌బాక్స్ లేదు. అడ్రస్ తప్పయి ఉండాలి, లేదా ఆ ఉద్యోగి మానేసి ఉండాలి.

4.2.2 లేదా 5.2.2 అంటే అవతలి మెయిల్‌బాక్స్ నిండిపోయింది. పార్టీకి ఫోన్ చేసి చెప్పడం తప్ప మీ చేతిలో ఏమీ లేదు.

450 లేదా 451తో పాటు గ్రేలిస్ట్ అనే మాట ఉంటే, కొత్తవాళ్ల మెయిల్‌ను మొదటిసారి కావాలనే వెనక్కి పంపే పద్ధతి అది. కొన్ని నిమిషాల తర్వాత మీ సర్వర్ మళ్లీ వెళ్తే తీసుకుంటారు.

554 5.7.1 పక్కన "రిలే యాక్సెస్ డినైడ్" అని మీ సర్వరే చెప్పి ఉంటే, ఆ ఉద్యోగి మెయిల్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా పంపడానికి చూస్తోంది. అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగ్స్‌లో లాగిన్ పెట్టి, పోర్ట్ 25 కాకుండా 587 గానీ 465 గానీ ఇవ్వండి.

550 5.7.26 అని జీమెయిల్ నుంచి వస్తే, ఆ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందనే రుజువు దానికి దొరకలేదు. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

సంఖ్యతో పాటు ఆ మాట ఎవరన్నారో కూడా చూడండి. పోస్ట్‌ఫిక్స్ రాసిన బౌన్స్‌లో "హోస్ట్ ఫలానా సెడ్" అని ఉంటే, ఆ తర్వాతి వాక్యం అక్షరం పొల్లుపోకుండా అవతలి సర్వర్‌ది. "సెడ్" లేకుండా "హోస్ట్ ఆర్ డొమైన్ నేమ్ నాట్ ఫౌండ్" అని ఉంటే మీ మెయిల్ గడప కూడా దాటలేదు, అవతలి ఇల్లే మీ సర్వర్‌కు దొరకలేదు.

552 5.3.4 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అది సైజు సమస్య, పైకి చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో షిప్పింగ్ కాగితాల స్కాన్ 19 ఎంబీ వచ్చింది. "25 దాకా పోతుందన్నారు కదండీ, 19కే ఎందుకు తిప్పి కొట్టింది?" అని అక్కడి డాక్యుమెంటేషన్ అమ్మాయి దాదాపు ఏడుపు గొంతుతో అడిగింది. కంటైనర్ అప్పటికే పోర్టులో ఉంది. అటాచ్‌మెంట్ మెయిల్‌లో ఉన్నది ఉన్నట్టు పోదు. ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతారు, దాని మీద లైన్ల మధ్య విరుపులు. అలా ఆ 19 ఎంబీ దారిలో 26 అయింది. స్కానర్‌ను 600 డీపీఐ కలర్ నుంచి 200 డీపీఐ గ్రే‌కు మారిస్తే అదే కాగితం చాలా చిన్నదైపోయి, అరగంటలో పని జరిగిపోయింది. మీ సర్వర్ పరిమితి కూడా ఒకసారి చూసుకోండి. పోస్ట్‌ఫిక్స్‌లో మెసేజ్ సైజ్ లిమిట్ మొదట్లో 1,02,40,000 బైట్లే ఉంటుంది. ఎవరూ మార్చకపోతే ఏడున్నర ఎంబీ ఫైలుకే అడ్డం పడుతుంది.

ఈ మధ్య అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. సబ్జెక్టు, విషయం తెలుగులో రాస్తే ఏ సర్వర్‌కూ ఇబ్బంది లేదు, ధైర్యంగా రాయండి. మెయిల్ అడ్రస్సే తెలుగు లిపిలో, డాట్ భారత్ డొమైన్‌తో ఉంటే మాత్రం దారిలో ఉన్న సర్వర్లన్నీ ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అనే సదుపాయం ఇవ్వాలి. పోస్ట్‌ఫిక్స్‌లో ఇది 3.0 నుంచి ఉంది. అవతలి సర్వర్ ఇవ్వకపోతే మెయిల్ వెనక్కి వస్తుంది, బౌన్స్‌లో ఆ పేరే కనిపిస్తుంది. అలాంటి అడ్రస్‌కు తోడుగా ఇంగ్లిష్ అక్షరాల అడ్రస్ కూడా ఒకటి పెట్టుకోవడం ప్రస్తుతానికి మంచిది.

లాగ్‌లో ఆ మెయిల్ దారి పట్టుకోండి

బౌన్స్ లేకపోతే లాగే దిక్కు. ఉబుంటులో, పాత డెబియన్లలో వార్ కింద లాగ్ ఫోల్డర్‌లో మెయిల్ డాట్ లాగ్ అనే ఫైలు. రెడ్ హ్యాట్ తరహావాటిలో అదే ఫోల్డర్‌లో మెయిల్‌లాగ్. మైక్రోసాఫ్ట్ 365లో మెయిల్ ఫ్లో కింద మెసేజ్ ట్రేస్, సొంత ఎక్స్ఛేంజ్‌లో మెసేజ్ ట్రాకింగ్ లాగ్, గూగుల్ వర్క్‌స్పేస్‌లో అడ్మిన్ కన్సోల్‌లోని ఈమెయిల్ లాగ్ సెర్చ్.

తెరిచే ముందు సర్వర్ గడియారం చూడండి. క్లౌడ్‌లో తీసుకున్న సర్వర్లు చాలావరకు యూటీసీలో నడుస్తాయి. ఉదయం 11:10కి పంపిన మెయిల్ లాగ్‌లో 05:40 దగ్గర ఉంటుంది. ఈ ఐదున్నర గంటల తేడా మరిచిపోయి "లాగ్‌లో లేనే లేదు" అని తేల్చేసినవాళ్లను చాలామందిని చూశాను. ఆ తేలికపాటి పొరపాటు మీద సాయంత్రం దాకా తప్పు దారిలో తిరిగారు.

ముందు అందుకోవాల్సినవాళ్ల అడ్రస్‌తో వెతకండి. దొరికిన లైనులో అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక క్యూ ఐడీ ఉంటుంది. ఇప్పుడు ఆ ఐడీతో ఫైలంతా మళ్లీ వెతకండి. ఎవరు లాగిన్ అయి పంపారు, సైజు ఎంత, ఎవరికి అప్పగించడానికి చూసింది, వాళ్లేమన్నారు, అన్నీ వరసగా బయటికొస్తాయి.

ఆ చివరి లైనును దగ్గరగా చూద్దాం. రిలే అన్నచోట ఏ సర్వర్‌తో మాట్లాడిందో ఉంటుంది. డిలేస్ అన్నచోట గీతలతో విడదీసిన నాలుగు సంఖ్యలుంటాయి: 0.2/0.01/30/0 అనుకుందాం. మొదటిది క్యూ మేనేజర్ చేతికి రాకముందు పట్టిన సెకన్లు, రెండోది క్యూ మేనేజర్ దగ్గర ఉన్నవి, మూడోది అవతలి సర్వర్‌ను అందుకోవడానికి పట్టినవి, నాలుగోది మెయిల్ పంపడానికి పట్టినవి. మూడోచోట 30 ఉందంటే తలుపు కొట్టి కొట్టి అలిసిపోయింది, లోపల ఎవరూ పలకలేదు. ఇక స్టేటస్. సెంట్ అంటే అప్పగించింది, డిఫర్డ్ అంటే వాయిదా పడింది, బౌన్స్డ్ అంటే వెనక్కి వచ్చింది. దాని పక్కన బ్రాకెట్లలో ఉన్న వాక్యమే మీకు కావలసిన జవాబు.

ఇక్కడ ఒక చోట చాలామంది మోసపోతారు. స్టేటస్ సెంట్ అని కనబడగానే "మా వైపు నుంచి వెళ్లిపోయింది" అని పార్టీకి చెప్పేస్తారు. రిలే దగ్గర 127.0.0.1 ఉందేమో చూడండి. ఉంటే ఆ మెయిల్ మీ సర్వర్ దాటలేదు, మీ లోపలి వైరస్ ఫిల్టర్‌కు మాత్రమే వెళ్లింది. అదే లైను చివర "క్యూడ్ యాజ్" అని కొత్త ఐడీ ఉంటుంది. ఆ కొత్త ఐడీతో మళ్లీ వెతకాలి. తీగ అక్కడ తెగినట్టు కనిపిస్తుంది గానీ తెగదు.

అసలు ఆ అడ్రస్సే లాగ్‌లో లేకపోతే మెయిల్ సర్వర్ దాకా రాలేదు, ఉద్యోగి కంప్యూటర్ దగ్గరికి తిరిగి వెళ్లండి. రిలే దగ్గర "నన్" ఉండి, "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని అన్ని డొమైన్లకూ వస్తుంటే మీ పోర్ట్ 25 (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అప్పగించుకునే దారి) మూసి ఉంది. అమెజాన్ ఈసీ2, గూగుల్ క్లౌడ్ బయటికి వెళ్లే పోర్ట్ 25ను మామూలుగానే మూసి ఉంచుతాయి. కొత్త సర్వర్‌కు మారిన వారంలోనే ఈ ఫిర్యాదు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. అమెజాన్‌ను అడిగి తీయించుకోవచ్చు, లేదా 587 మీద మీ మెయిల్ తీసుకుని బయటికి పంపిపెట్టే రిలే సర్వీసు పెట్టుకోవచ్చు.

క్యూను చూడండి, కెలకొద్దు

పోస్ట్‌క్యూ మైనస్ పీ కొడితే ఆగి ఉన్న మెయిల్స్ అన్నీ, ఒక్కోదాని కింద కారణంతో సహా కనిపిస్తాయి. పది మెయిల్స్ పది వేర్వేరు డొమైన్లకు ఆగితే మీ వైపు చూడండి. పదీ ఒకే డొమైన్‌కు అయితే అటువైపు. ఎక్స్ఛేంజ్‌లో ఇదే పనికి క్యూ వ్యూయర్ ఉంది.

వాయిదా పడిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ మొదట 300 సెకన్లకు, తర్వాత విరామం పెంచుకుంటూ గరిష్ఠంగా 4,000 సెకన్లకు ఒకసారి మళ్లీ పంపుతుంది. అందుకే నిమిషానికోసారి ఫ్లష్ (క్యూలో ఉన్నవన్నీ వెంటనే పంపమనే కమాండ్) కొట్టకండి. దానివల్ల మిగతా మెయిల్స్ కూడా నెమ్మదిస్తాయి. "ఎక్కువ పంపుతున్నావు, ఆగు" అన్న సర్వర్ దగ్గరికి పరుగెత్తి వెళ్తే అది మిమ్మల్ని ఇంకా దూరం పెడుతుంది. పోస్ట్‌సూపర్‌తో అన్నీ డిలీట్ చేసే కమాండ్ జోలికి అసలు వెళ్లకండి. ఆ వంద మెయిల్స్‌లో ఎవరి టెండరు ఉందో, ఎవరి ఆఫర్ లెటర్ ఉందో మనకు తెలియదు. అనుమానం ఉంటే హోల్డ్‌లో పెట్టండి, తర్వాత విడుదల చేయొచ్చు.

ఇక్కడే ఒక సెట్టింగ్ మార్చమని గట్టిగా చెబుతాను. పోస్ట్‌ఫిక్స్ ఒక మెయిల్‌ను ఐదు రోజుల దాకా ప్రయత్నించి, ఆ తర్వాతే బౌన్స్ ఇస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో అది రెండు రోజులు. పోస్ట్‌ఫిక్స్‌లో "ఆలస్యమవుతోంది" అనే హెచ్చరిక మొదట్లో సున్నాలో ఉంటుంది, అంటే రాదు. సోమవారం పంపిన కొటేషన్ ఆగిపోయిందని మీ సేల్స్ మనిషికి శనివారం తెలుస్తుంది. డిలే వార్నింగ్ టైమ్‌ను 4 గంటలు చేయండి. సాయంత్రంలోపే సంగతి తెలిస్తే వాళ్లు ఫోన్ చేసుకుంటారు, వాట్సాప్‌లో పంపుకుంటారు.

వాళ్ల సర్వర్ 250 అంది, అయినా కనిపించలేదు

మీ పని ఇక్కడికి అయిపోయింది, కానీ మనిషికి మెయిల్ అందలేదు. ఇక్కడ "మా తప్పు కాదు" అని వదిలేస్తే నష్టపోయేది మీ కంపెనీయే. స్పామ్ ఫోల్డర్ చూడమనడం అందరూ చేసేదే. దాంతో పాటు వాళ్ల అడ్మిన్‌ను క్వారంటైన్ (అనుమానం వచ్చిన మెయిల్స్ ఆపి ఉంచే చోటు) చూడమనండి, ఎందుకంటే అందులో పడినవి చాలా చోట్ల మామూలు ఉద్యోగికి కనిపించవు. మీ లాగ్‌లోని ఆ 250 లైను మొత్తం, తేదీ, భారత సమయం, వాళ్ల సర్వర్ ఇచ్చిన ఐడీ, అన్నీ కాపీ చేసి పంపండి. "రాలేదు" అన్న మాటకు "వెళ్లింది" అన్న మాట జవాబు కాదు. ఆ ఐడీ చేతిలో పెడితే అవతలి అడ్మిన్ రెండు నిమిషాల్లో వెతికిపెడతారు.

మీ డొమైన్ మీదేనని రుజువులు

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పట్టు బిగించాయి. జీమెయిల్‌కు పంపే ప్రతివాళ్లకూ ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండాలి, పంపే ఐపీకి పీటీఆర్ (ఆ ఐపీ పేరేమిటో చెప్పే రికార్డు) ఉండాలి. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రుజువులు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) మూడూ తప్పనిసరి. మీరు రోజుకు యాభై పంపినా మూడూ పెట్టుకోండి.

తనిఖీ తేలిక. మీ కంపెనీ అడ్రస్ నుంచి ఒక జీమెయిల్‌కు పంపి, అక్కడ మూడు చుక్కల్లో "షో ఒరిజినల్" నొక్కండి. పైనే మూడింటి పక్కనా పాస్, ఫెయిల్ అని రాసి ఉంటుంది. ఇన్‌వాయిస్‌లు పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, జీతాల స్లిప్పులు పంపే హెచ్ఆర్ పోర్టల్, వెబ్‌సైట్ ఫారమ్, వీటన్నిటి నుంచీ విడివిడిగా ఒక్కో మెయిల్ పంపి చూడండి. ఉద్యోగుల మెయిల్ పాస్ అయి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ది ఫెయిల్ అవడం మామూలే. ఎస్‌పీఎఫ్‌లో దాని పేరు చేర్చడం అందరూ మరిచిపోతారు.

చేర్చేటప్పుడు రెండో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టకండి. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఉన్నదానిలోనే కొత్త ఇన్‌క్లూడ్ కలపండి. డీఎన్ఎస్‌లో మళ్లీ వెతికించే అంశాలు మొత్తం పదికి మించకూడదు. ఇన్‌క్లూడ్ లోపల ఇంకో ఇన్‌క్లూడ్ ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది, కాబట్టి మానేసిన సర్వీసుల పేర్లు తీసేయండి.

పీటీఆర్ మీ డొమైన్ కొన్న చోట దొరకదు. అది ఐపీ ఇచ్చినవాళ్ల దగ్గర, అంటే మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ లేదా హోస్టింగ్ కంపెనీ దగ్గర రాయించుకోవాలి. ఆ ఐపీకి వచ్చే పేరు, ఆ పేరుకు వచ్చే ఐపీ ఒకదానికొకటి సరిపోవాలి.

బ్లాక్‌లిస్ట్‌లో పడితే

బౌన్స్‌లో స్పామ్‌హాస్, బారాకుడా, స్పామ్‌కాప్ లాంటి పేరు కనిపిస్తే మీ ఐపీ మచ్చపడింది. వెంటనే తీసేయమని ఫారమ్ నింపకండి, కారణం పోకుండా తీయించుకుంటే మళ్లీ అందులోనే పడతారు. స్పామ్‌హాస్‌లో పీబీఎల్ అనే జాబితా ఉంది. ఇళ్లకిచ్చే, మారిపోయే ఐపీలు దాంట్లో ఉంటాయి. మీరు అందులో ఉంటే నేరమేమీ చేయలేదు, సర్వర్‌కు తగని కనెక్షన్ మీద నడుపుతున్నారంతే. స్టాటిక్ ఐపీ తీసుకోండి.

వేరే జాబితాల్లో ఉంటే ఎవరిదో పాస్‌వర్డ్ పోయిందేమో చూడండి. క్యూలో ఒక్కసారిగా వేలకొద్దీ మెయిల్స్, అన్నీ ముక్కూముఖం తెలియని అడ్రస్‌లకు, లాగ్‌లో సాస్ల్ యూజర్‌నేమ్ (పంపడానికి లాగిన్ అయిన పేరు) దగ్గర ఒకే ఉద్యోగి పేరు. ఇదీ దాని ఆనవాలు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ముందు మార్చండి, ఇప్పటికే తెరిచి ఉన్న లాగిన్లను తెంపండి, ఆ పేరుతో క్యూలో ఉన్నవాటిని మాత్రమే తీసేయండి, తర్వాతే డీలిస్ట్ అడగండి. ఆ ఉద్యోగిని నలుగురిలో నిలదీయకండి. ఈరోజు భయపెడితే రేపు ఇంకొకరు అనుమానంగా ఉన్న లింక్ నొక్కి మీకు చెప్పకుండా దాచేస్తారు. మైక్రోసాఫ్ట్ 365 మీ ఐపీని ఆపితే దానికి విడిగా డీలిస్ట్ పోర్టల్ ఉంది, బౌన్స్‌లోనే దాని అడ్రస్ ఇస్తుంది.

బయటివాళ్ల మెయిల్స్ మీకు రాకపోతే

ఇది పంపడం కన్నా ప్రమాదం, ఎందుకంటే రానిదాని గురించి మీకు తెలియదు. ముందు డొమైన్ గడువు చూడండి. రెన్యువల్ మెయిల్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి అడ్రస్‌కు పోతుంటుంది. తర్వాత ఎంఎక్స్ రికార్డు (మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పేది) సరైన సర్వర్ వైపు ఉందా, బయటి నుంచి పోర్ట్ 25 అందుతోందా చూడండి. ఆ తర్వాత డిస్క్. నిండిపోతే పోస్ట్‌ఫిక్స్ గానీ ఎక్స్ఛేంజ్ గానీ 452 4.3.1 అని చెప్పి కొత్తవి తీసుకోవడం ఆపేస్తాయి. డిస్క్‌లో చోటున్నా ఐనోడ్లు (ఎన్ని ఫైళ్లు పట్టాలో చెప్పే లెక్క) అయిపోయి ఉండొచ్చు, డీఎఫ్ మైనస్ ఐ కొట్టి అదీ చూడండి.

మెయిల్‌ను గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో మార్చి, వెబ్‌సైట్‌ను పాత హోస్టింగ్‌లోనే ఉంచినవాళ్లు ఇది తప్పక చదవాలి. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక సంస్థకు అలాగే మార్చారు. బయటి మెయిల్స్ అన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. సీజన్ మొదలైనా వెబ్‌సైట్ నుంచి ఒక్క ఎంక్వయిరీ లేదు. ఓనర్ "ఈసారి మార్కెట్ డల్‌గా ఉంది" అనుకున్నారు. వెళ్లి చూస్తే ఎంక్వయిరీలన్నీ పాత హోస్టింగ్‌లోని పాత ఇన్‌ఫో మెయిల్‌బాక్స్‌లో, ఎవరూ తెరవకుండా, వరసగా పేరుకుని ఉన్నాయి. ఆ హోస్టింగ్ సర్వర్ ఇప్పటికీ ఆ డొమైన్ మెయిల్ తనదే అనుకుని, ఎంఎక్స్ చూడకుండా లోపలే వేసుకుంటోంది. సీప్యానెల్‌లో అయితే ఈమెయిల్ రౌటింగ్‌కు వెళ్లి లోకల్ నుంచి రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్‌కు మార్చాలి. ఆ ఒక్క నొక్కుతో మెయిల్ దారికొచ్చింది. పాతవాటిలో కొందరు అప్పటికే వేరేచోట సరుకు కొనేసుకున్నారు. ఆ జాబితా చదువుతుంటే ఓనర్ ముఖం నాకింకా గుర్తుంది.

సరిచేశాక

రికార్డు మారిస్తే పాత టీటీఎల్ (పాత రికార్డును మిగతా సర్వర్లు గుర్తుంచుకునే సెకన్లు) గడువు తీరేదాకా ఆగండి. 3,600 ఉంటే గంట, 86,400 ఉంటే రోజు. తర్వాత అదే ఉద్యోగి కంప్యూటర్ నుంచి, అదే పార్టీకి, అలాంటి అటాచ్‌మెంట్‌తోనే పంపించి చూడండి. లాగ్‌లో వాళ్ల సర్వర్ 250 కనబడ్డాక క్యూను ఒక్కసారి ఫ్లష్ చేసి, సంఖ్య తగ్గుతోందో లేదో పది నిమిషాలు గమనించండి. క్యూలో ఉన్నవి వాటంతటవే పోతాయి. ముందే బౌన్స్ అయినవి మాత్రం క్యూలో ఉండవు, ఎంతసేపు ఆగినా కదలవు. సమస్య నడిచిన గంటల్లో స్టేటస్ బౌన్స్డ్ అని ఉన్న లైన్లన్నీ లాగ్‌లోంచి తీసి, పంపినవాళ్ల పేరూ అందుకోవాల్సినవాళ్ల పేరూ జాబితా రాసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "ఇవి మళ్లీ పంపండి" అని చెప్పండి.